గీత మీద పడిన బంతి
నర్సింగ్ సూపరింటెండెంట్



ఈ పత్రికలో నేను ఇంతవరకు షుగర్ గురించి, రక్తహీనత గురించి, బాలింతల ఆహారం గురించి రాశాను. ఈసారి టెన్నిస్ గురించి రాస్తున్నానంటే మీలో కొందరు నవ్వుకోవచ్చు. చిన్నప్పుడు స్కూల్లో త్రోబాల్ ఆడడం తప్ప నాకు ఆటలతో పెద్ద పరిచయం లేదు. కానీ పోయిన సంవత్సరం ఫిబ్రవరిలో ఒక ఆదివారం పొద్దుటి నుండి సాయంత్రం వరకు టెన్నిస్ కోర్టు పక్కనే గడిపాను. ఆ రోజు చూసింది మీ అందరికీ, ముఖ్యంగా నలభై దాటినవారికి చెప్పాలని ఇది రాస్తున్నాను.

గుణదల తిరునాళ్ళు అయిపోయి రెండు వారాలైంది. మూడు రోజులు యాత్రికులకు ప్రథమ చికిత్స చేసిన అలసట మాకింకా తీరలేదు. అప్పుడు ఊళ్ళో టెన్నిస్ ఆడే పెద్దలు కొందరు ఆసుపత్రికి వచ్చారు. "సిస్టర్ గారూ, మా పోటీలకు కూడా ఒక టేబుల్ వేయించండి. అందరం వయసు మళ్ళినవాళ్ళమే" అని అడిగారు. ఆదివారం మొదటి పూజకు వెళ్ళి, అక్కడి నుండి ఇద్దరు స్టాఫ్ నర్సులను వెంటబెట్టుకుని ఏడు గంటలకల్లా కోర్టుకు చేరాను. బి.పి. మిషను, షుగర్ చూసే గ్లూకోమీటరు, ఓఆర్ఎస్ ప్యాకెట్లు, ఐసు పెట్టె, క్రేప్ బ్యాండేజీలు, ఆస్పిరిన్ బిళ్ళలు, చిన్న ఆక్సిజన్ సిలిండరు పట్టుకెళ్ళాం.

ఎవరు ఆడతారు, ఎలా ఆడతారు?

వీరు డబ్బు కోసం ఆడేవారు కాదు. ఒకాయన బ్యాంకు ఆఫీసరు, ఒకాయన లాయరు, ఇంకొకాయన ఇనుప సామాన్ల కొట్టు నడుపుతారు. ఇద్దరు ముగ్గురు డాక్టర్లు, లెక్చరర్లు కూడా ఉన్నారు. పొద్దున ఆడుకుని, స్నానం చేసి పనికి వెళ్ళిపోయేవారు. ఇలాంటివారిని అమెచ్యూర్లు అంటారట. 1877లో మొదలైన వింబుల్డన్ చాంపియన్‌షిప్‌లో కూడా 1967 వరకు అమెచ్యూర్లే ఆడారని, డబ్బు తీసుకుని ఆడేవారిని 1968 నుండే రానిచ్చారని లాయరు గారు మాకు చెప్పారు.

బంతులు ఏరి ఇచ్చే పిల్లలు మా టేబుల్ దగ్గరే కూర్చున్నారు. వాళ్ళ నోట ఒకటే పేరు, సాకేత్ మైనేని. ఆయన పుట్టింది మన ఉయ్యూరులోనే. 2014లో ఇంచియాన్ ఆసియా క్రీడల్లో సానియా మీర్జాతో కలిసి మిక్స్‌డ్ డబుల్స్‌లో బంగారు పతకం గెలిచారు. 2023లో హాంగ్జౌలో జరిగిన ఆసియా క్రీడల్లో రామ్‌కుమార్ రామనాథన్‌తో కలిసి వెండి పతకం తెచ్చారు. "ఉయ్యూరు నుంచి అక్కడిదాకా వెళ్ళాడు సిస్టర్" అని ఆ పిల్లలు చెబుతుంటే వాళ్ళ కళ్ళల్లో వెలుగు చూడాలి.

ఆ పిల్లలే నాకు ఆట నేర్పారు. పదిహేను, ముప్ఫై, నలభై, ఆ తర్వాత గేము. ఆరు గేములు ముందుగా గెలిస్తే సెట్టు, అయితే రెండు గేముల తేడా ఉండాలి. నాకు బాగా నచ్చింది వేరే సంగతి. ఇలాంటి చిన్న పోటీల్లో అంపైరు ఉండడు. నెట్టుకు మన వైపు పడిన బంతి గీత లోపల పడిందా, బయట పడిందా అన్నది మనమే చెప్పాలి. ఎదుటివారు మన మాట నమ్ముతారు. మరి సరిగ్గా కనబడకపోతే? అనుమానం వస్తే బంతి లోపలే పడిందని చెప్పి పాయింటు అవతలివారికి ఇచ్చేయాలి. అదే నియమం. గెలవాలని పొద్దున్నే ఇంత దూరం వచ్చినవారు గీత మీద పడిన బంతిని మారుమాట లేకుండా అవతలివారికి ఇచ్చేయడం నేను ఆ రోజంతా చూశాను.

మా టేబుల్ దగ్గర

ఆట మొదలు కాకముందు అందరినీ బి.పి. చూపించుకోమన్నాం. కొందరు వచ్చారు. చాలామంది "ఆడడానికి వచ్చాం సిస్టర్, ఓ.పి.కి కాదు" అని నవ్వుతూ తప్పించుకున్నారు. నేను కూడా గట్టిగా పట్టుబట్టలేదు. అది నా పొరపాటు.

ఎనిమిదిన్నరకు మొదటి కేసు వచ్చింది. ఒక కుర్రాడికి చీలమండ బెణికింది. పక్కనున్నాయన నూనె రాసి రుద్దబోతుంటే ఆపాను. బెణుకును రుద్దకూడదు, లాగకూడదు. ఐసు ముక్కలు గుడ్డలో చుట్టి పావుగంట నుండి ఇరవై నిమిషాలు పెట్టాలి, క్రేప్ బ్యాండేజీ చుట్టాలి, కాలు ఎత్తులో ఉంచాలి. నాలుగు అడుగులు కూడా వేయలేకపోతే ఎక్స్‌రే తీయించాలి.

తర్వాత ఒక లెక్చరరు గారు వచ్చి కూర్చున్నారు. చేతులు వణుకుతున్నాయి, నుదుట చెమట, అడిగినదానికి జవాబు సరిగ్గా లేదు. షుగర్ ఉందా అని అడిగితే తల ఊపారు. పొద్దున్నే ఇన్సులిన్ వేసుకున్నారు. మ్యాచ్ ఎనిమిదికే అయిపోతుంది, ఇంటికెళ్ళి టిఫిన్ చేద్దామనుకున్నారు. మ్యాచ్ గంట ఆలస్యమైంది. గ్లూకోమీటరులో 58 వచ్చింది. మూడు టీస్పూన్ల పంచదార నీళ్ళలో కలిపి తాగించి, పావుగంట ఆగి మళ్ళీ చూశాం. 70 దాటాక ఇడ్లీ తినిపించాం. ఇన్సులిన్ గాని, షుగర్ తగ్గించే కొన్ని రకాల బిళ్ళలు గాని వాడేవారు ఏమీ తినకుండా ఆటకు, వాకింగుకు వెళ్ళకూడదు. జేబులో పంచదార పొట్లమో, గ్లూకోజు బిళ్ళలో ఉండాలి.

బ్యాంకు ఆఫీసరు గారు మోచెయ్యి చూపించారు. దాన్నే టెన్నిస్ ఎల్బో అంటారు. మోచేతి బయటి వైపు ఎముక దగ్గర నొప్పి, నీళ్ళ చెంబు ఎత్తినా లాగుతుంది. పేరు టెన్నిస్‌దే గాని, మన ఓ.పి.కి ఈ నొప్పితో వచ్చేవారిలో చాలామంది రాకెట్టు పట్టనివారే. బట్టలు ఉతికి పిండే అమ్మలు, తాపీ మేస్త్రీలు, వడ్రంగులు. ఒకే కదలిక మళ్ళీ మళ్ళీ చేయడం వల్ల వచ్చేది ఇది. చేతికి కొన్ని వారాలు విశ్రాంతి, ఫిజియోథెరపీ వ్యాయామాలు చాలామందికి సరిపోతాయి.

పది దాటేసరికి ఎండ చురుక్కుమంది. ఓఆర్ఎస్ ప్యాకెట్టు మొత్తం ఒక లీటరు నీటిలో కలిపి పెట్టాం. సగం ప్యాకెట్టు గ్లాసులో కలపడం, పంచదార అదనంగా వేయడం సరికాదు. ఒకాయన అట్టపెట్టెలో అమ్మే తియ్యటి పానీయం తెచ్చి "ఇదీ ఓఆర్ఎస్సే కదా" అన్నారు. కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన పాళ్ళు లేని పానీయాల మీద ఆ పేరు వేయకూడదని మన దేశంలో 2025 అక్టోబరులో ఆదేశాలు వచ్చాయి. అందుకోసం హైదరాబాదులోని పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ గారు ఏళ్ళ తరబడి పోరాడారు.

పదకొండు గంటలకు

యాభై అయిదేళ్ళు దాటినవారి డబుల్స్ సెమీఫైనల్ నడుస్తోంది. ఒక జోడీలో లెక్కల మాస్టారు ఒకరు ఉన్నారు. హైస్కూల్లో పనిచేసి రిటైరయ్యారు. సన్నగా, చురుగ్గా ఉంటారు. సిగరెట్టు అలవాటు లేదు. అవతలి జోడీ పంటి డాక్టరు గారు, ఇనుప కొట్టు యజమాని. మొదటి సెట్టు మాస్టారి జోడీ గెలిచింది. రెండో సెట్టులో చెరి మూడు గేములు.

వైపులు మారేటప్పుడు మాస్టారు ఎడమ చేత్తో నెట్టు స్తంభం పట్టుకుని ఆగారు. కుడి అరచెయ్యి ఛాతీ మధ్యలో పెట్టుకున్నారు. వేలు పెట్టి చూపించేది ఒక రకం నొప్పి. అరచెయ్యి మొత్తం పరిచి చూపించేది వేరు. మా ట్రైనింగులో ట్యూటరమ్మ ఇది ఎన్నిసార్లు చెప్పారో. నేను చెప్పులతోనే కోర్టులోకి నడిచాను. "సిస్టర్, మ్యాచ్ నడుస్తోంది" అని ఎవరో కేక వేశారు.

"మాస్టారూ, ఎక్కడండీ నొప్పి?"

"నొప్పి కాదమ్మా, బరువుగా ఉంది. పొద్దున అట్లు తిన్నాను, గ్యాసు. సోడా ఉంటే ఇప్పించు. మూడు గేములు ఆడితే అయిపోతుంది."

ఆయన చెయ్యి పట్టుకున్నాను. ఎండలో ఆడుతున్న మనిషి చెయ్యి వేడిగా ఉండాలి. అది చల్లగా, చిత్తడిగా తగిలింది. ముఖం బూడిద రంగుకు తిరిగింది. దవడ లాగుతోందా అని అడిగాను.

"పొద్దున్నుంచీ పన్ను సలుపుతోంది. ఆట అయ్యాక ఈయనకి చూపిద్దామనుకుంటున్నా" అని అవతలి పంటి డాక్టరు గారిని చూపించారు.

ఆ మాట విని డాక్టరు గారు రాకెట్టు కింద పెట్టి నెట్టు దాటి వచ్చారు. "మాస్టారూ, అది పన్ను కాదు, కూర్చోండి" అన్నారు. అయినా మాస్టారు వినలేదు. తాను ఆగితే తన జోడీ ఓడిపోయినట్టేనని ఆయన బాధ. అప్పుడు ఇనుప కొట్టాయన దగ్గరికి వచ్చి, "పొద్దున్నుంచీ గీత మీద పడిన బంతులన్నీ మాకే ఇచ్చారు కదండీ. ఇది కూడా గీత మీద పడిందే. ఇది సిస్టర్ గారికి ఇచ్చేయండి" అన్నారు. మాస్టారు ఒక్క నిమిషం ఆయన ముఖం చూసి కుర్చీలో కూర్చున్నారు.

తర్వాతి పనులు వరసగా జరిగాయి. వీపుకు ఆనుడు పెట్టి సగం కూర్చున్నట్టు పడుకోబెట్టాం. ఒక స్టాఫ్ నర్సు 108కి ఫోన్ చేసింది. బి.పి. 100/60 ఉంది. ఆస్పిరిన్ పడదా, కడుపులో పుండు గాని, రక్తం పోవడం గాని ఉందా అని అడిగి, లేదన్నాక అక్కడే ఆడుతున్న ఫిజీషియన్ గారు చెప్పిన ప్రకారం ఆస్పిరిన్ బిళ్ళ నమిలించాం. మంచినీళ్ళు, సోడా ఇవ్వలేదు. నాలుక కింద పెట్టే బిళ్ళ తన బ్యాగులో ఉందని ఒకాయన తెచ్చారు. బి.పి. తక్కువగా ఉన్నప్పుడు అది ప్రమాదం. డాక్టరు గారు వద్దన్నారు. అంబులెన్సులో నేనూ ఎక్కాను. గుండె రక్తనాళాలకు చికిత్స చేసే ఆసుపత్రికే నేరుగా తీసుకెళ్ళాం. అక్కడ ఈ.సి.జి. తీయగానే తేలింది, గుండె కింది భాగానికి వచ్చిన గుండెపోటు. ఈ రకంలో నొప్పి పొట్ట పైభాగంలో, వికారంతో, అచ్చం గ్యాసులాగే ఉండవచ్చు. రక్తనాళంలోని అడ్డు తీసి స్టెంటు వేశారు. సాయంత్రానికి ఆయన తన భార్యతో మాట్లాడారు.

నేను ఎందుకు వదల్లేదంటే

ఇది మీకు చెప్పాలా వద్దా అని చాలా ఆలోచించాను. 2003 డిసెంబరులో కుప్పనూర్పిళ్ళ రోజుల్లో, అవనిగడ్డ వైపు మా ఊరి నుండి మా అన్నయ్య రాత్రి తొమ్మిదింటికి హాస్టలుకు ఫోన్ చేశాడు. "చెల్లీ, రొమ్ములో బరువుగా ఉందే, చెమటలు పోస్తున్నాయి" అన్నాడు. అప్పటికి నేను పన్నెండేళ్ళ సర్వీసు ఉన్న నర్సును. "రోజంతా ఎండలో ఉన్నావు, తిండి సరిగ్గా తిని ఉండవు. గ్యాసు బిళ్ళ వేసుకుని పడుకో అన్నయ్యా. పొద్దున్నే మొదటి బస్సుకు వచ్చేయ్, చూపిద్దాం" అన్నాను. ఆ బస్సుకు అన్నయ్య రాలేదు. నలభై ఆరేళ్ళు.

అన్నయ్య మాట విన్నప్పుడు నాకు అనుమానం రాలేదని చెప్పలేను. వచ్చింది. కానీ ఆ రాత్రివేళ బండి దొరకాలి, డబ్బు కావాలి, ఇంటిల్లిపాదీ కంగారు పడతారు అనుకుని అనుమానాన్ని మాకు అనుకూలంగా తీర్చుకున్నాను. ఆ రోజు కోర్టులో నేను నేర్చుకున్న నియమం ఇరవై ఏళ్ళ క్రితమే నాకు తెలిసి ఉంటే బాగుండేది.

ఆడేవారికి కూడా వస్తుందా?

వస్తుంది. ఆర్థర్ ఆష్ అనే అమెరికా ఆటగాడు 1975లో వింబుల్డన్ గెలిచాడు. 1979లో, 36 ఏళ్ళ వయసులో, ఆయనకు గుండెపోటు వచ్చింది. అప్పటికింకా పోటీల్లో ఆడుతున్నాడు. ఆయన తల్లికీ తండ్రికీ గుండె, రక్తనాళాల జబ్బులున్నాయి. శరీరం ఎంత గట్టిదైనా ఇంటి చరిత్రను తుడిచేయలేదు. ఆయన దాన్ని దాచుకోకుండా ఊరూరా తిరిగి గుండె జబ్బుల గురించి ప్రజలకు చెప్పాడు.

మన సంగతి మరీ జాగ్రత్తగా చూసుకోవాలి. అనేక దేశాల్లో గుండెపోటు వచ్చినవారిని పరిశీలించిన ఇంటర్‌హార్ట్ అధ్యయనంలో మన దక్షిణాసియా వారికి మొదటి గుండెపోటు సగటున 53 ఏళ్ళకే వచ్చినట్టు తేలింది. మిగతా దేశాలవారికి అది దాదాపు 59.

అలాగని ఆట మానుకోమని నేను చెప్పడం లేదు. డెన్మార్క్‌లోని కోపెన్‌హేగన్ నగరంలో ఎనిమిది వేలకు పైగా ప్రజలను 25 ఏళ్ళ వరకు గమనించి 2018లో ఒక నివేదిక ప్రచురించారు. వ్యాయామం లేనివారి కంటే టెన్నిస్ ఆడేవారి ఆయుష్షు 9.7 సంవత్సరాలు ఎక్కువగా కనిపించింది. బాడ్మింటన్‌కు 6.2, జాగింగుకు 3.2 సంవత్సరాలు. దీనంతటికీ ఆటే కారణమని ఆ పరిశోధకులు కూడా అనలేదు. టెన్నిస్ ఆడేవారికి డబ్బు, తీరిక, చదువు కొంచెం ఎక్కువే ఉంటాయి కదా. అయితే నలుగురితో కలిసి నవ్వుతూ ఆడడంలో కూడా మేలు ఉండవచ్చని వారు భావించారు. మాస్టారి విషయంలో అది నేను కళ్ళారా చూశాను. ఒంటరిగా నడుస్తూ ఉంటే ఆయనకు "కూర్చోండి" అని చెప్పేవారు ఎవరు?

నలభై దాటి ఆటలు, వాకింగు, జిమ్ము మొదలుపెట్టేవారికి

1. బి.పి., షుగర్, కొలెస్టరాల్ పరీక్షలు చేయించుకోండి. ఇంట్లో తండ్రికి, అన్నదమ్ములకు 55 ఏళ్ళలోపు, తల్లికి, అక్కచెల్లెళ్ళకు 65 ఏళ్ళలోపు గుండె జబ్బు వచ్చి ఉంటే డాక్టరుకు ఆ మాట తప్పక చెప్పండి.

2. మన గుణదల కొండ మెట్లు గుర్తు పెట్టుకోండి. పోయిన తిరునాళ్ళకు ఆగకుండా ఎక్కినవారు ఈసారి మధ్యలో ఛాతీ పట్టేసి ఆగవలసి వస్తే, అది వయసు అని సరిపెట్టుకోవద్దు. చూపించుకోండి.

3. ఆటకు ముందు పది నిమిషాలు నడక, చేతులు కాళ్ళు కదిలించడం. ఆట ముగిశాక కూడా ఒక్కసారిగా కూలబడకుండా కాసేపు నడవండి.

4. జ్వరం ఉన్నప్పుడు, కడుపు నిండా తిన్న వెంటనే ఆడవద్దు. ఎండాకాలంలో మన విజయవాడలో ఎండెక్కక ముందే ఆట ముగించాలి. ఆడుతున్న మనిషి మాట తడబడుతూ, ఒళ్ళు కాలిపోతుంటే అది వడదెబ్బ. నీడకు చేర్చి, ఒళ్ళంతా నీళ్ళతో తడిపి విసురుతూ, 108కి ఫోన్ చేయండి.

5. ఛాతీలో బరువు, అది చేతికి, దవడకు, మెడకు, వీపుకు పాకడం, చల్లని చెమట, ఆయాసం, వికారం. వీటిలో ఏది వచ్చినా ఆట ఆపండి. ఆడవారిలో, షుగర్ ఉన్నవారిలో నొప్పి లేకుండా ఆయాసం, విపరీతమైన నీరసం మాత్రమే ఉండవచ్చు. సొంతంగా బండి నడుపుకుంటూ ఆసుపత్రికి వెళ్ళవద్దు. మన రాష్ట్రంలో 2005 ఆగస్టు 15 నుండి 108 ఉంది.

6. మనిషి కుప్పకూలి, పిలిస్తే పలకక, ఊపిరి సరిగ్గా లేకపోతే ముఖాన నీళ్ళు చల్లుతూ కూర్చోవద్దు. ఒకరు 108కి చెప్పాలి. ఇంకొకరు ఛాతీ మధ్యలో రెండు అరచేతులు ఒకదానిపై ఒకటి పెట్టి, నిమిషానికి 100 నుండి 120 సార్లు, 5 నుండి 6 సెంటీమీటర్ల లోతుకు నొక్కుతూ ఉండాలి. అంబులెన్సు వచ్చేదాకా ఆపవద్దు. అలసిపోతే చెయ్యి మార్చుకోండి.

ఈ సంవత్సరం

ఆ సెమీఫైనల్ నియమం ప్రకారం అవతలి జోడీకే వెళ్ళింది. వాళ్ళు సాయంత్రం ఫైనల్ ఆడి ఓడిపోయారు. కప్పు సంగతి ఎవరూ పట్టించుకోలేదు. అందరూ కలిసి ఆసుపత్రికి వచ్చి వరండాలో బెంచీల మీద కూర్చున్నారు.

మాస్టారు ఇప్పుడు మందులు వాడుతూ, డాక్టరు ఒప్పుకున్నాక, నెమ్మదిగా డబుల్స్ ఆడుతున్నారు. ఈ ఫిబ్రవరిలో మళ్ళీ టేబుల్ వేశాం. అందరికంటే ముందు ఆయనే వచ్చి బి.పి. చూపించుకున్నారు. తర్వాత పక్కనే నిలబడి, స్కూల్లో పిల్లలను నిలబెట్టినట్టు మిగతా ఆటగాళ్ళందరినీ లైనులో నిలబెట్టారు. "ఓ.పి.కి రాలేదండీ" అన్న ఒకాయనతో "రావయ్యా, ముందు చెయ్యి చాపు" అన్నారు. ఆయనకు 170/104 వచ్చింది. ఆ రోజు ఆడలేదు. మర్నాడు మన ఓ.పి.కి వచ్చారు.

మీకు కూడా ఎప్పుడైనా, అర్ధరాత్రి గాని పండుగపూట గాని, ఇది గ్యాసా, గుండెనొప్పా అని అనుమానం రావచ్చు. అప్పుడు గ్యాసు బిళ్ళ కోసం వెతక్కండి. ఆ పాయింటు మాకు ఇచ్చేయండి. పరీక్ష చేసి గ్యాసే అని తేలితే మేము నవ్వము. మీతో కలిసి సంతోషిస్తాం.